నీళ్లు చల్లకు నాంచారమ్మా

ఒక్కటే ఫొటో ఉంది ఏసోబు మేస్త్రీది.
రేషన్ కార్డు జిరాక్సుకి జిరాక్సు, దానికి మళ్లీ జిరాక్సు.
తీసిన ప్రతిసారీ బుగ్గలు కాస్త తెల్లబడి
మీసం కాస్త నల్లబడి
మనిషి మీసంలోకి వెళ్లిపోతున్నాడు.
"పన్నెండు టీషర్టులు, వీపు మీద పడాల,
రేపొద్దున ఆరింటికల్లా" అన్నారు మిర్చి యార్డు కుర్రాళ్లు.
ముఠా అంతా వేసుకున్న చందా, చిల్లరతో సహా
నా కౌంటరు మీద ఘాటుగా.
లెక్కపెడుతూ రెండుసార్లు తుమ్మాను.

బ్రాడీపేట నాలుగో లైనులో నా కొట్టు.
పగలంతా ఆధార్లు, అఫిడవిట్లు, ఇంటర్ పిల్లల నోట్సులు.
టోనరంటే సిరా అనుకుంటారు అందరూ.
పొడి అది. మసికన్నా మెత్తన.
వేడి తగిలేదాకా దానికి ఊరూ పేరూ లేదు,
తగిలిందా, కరిగి
దొరికినదాన్ని కరుచుకుంటుంది.

కాగితంతోనే భయం.
పోయినేడు ఎవడో అంటగట్టిన ఇంక్‌జెట్ కాగితం
లేజర్ ప్రింటర్లో పెట్టాను.
లోపల రోలరుకి మీగడలా చుట్టుకుని
ఆరువేలు మింగింది.
అప్పట్నుంచీ బెజవాడ వన్‌టౌనుకి నేనే బస్సెక్కి
కట్ట విప్పించి, అట్ట మీద రాసింది చదివి మరీ కొంటాను.

ఇంత తెలిసినదాన్ని, మొదటి చొక్కాకే తప్పాను.
మిషను తెరిచి కాగితం లాగితే
ఏసోబు కుడినుంచి ఎడమకి నడుస్తున్నాడు.
అద్దంలోలాగా తిప్పడం మర్చిపోయాను.
స్టూలు మీద కూర్చున్న కూతురు కృపావతి
అక్షరాల జోలికి పోలేదు.
"మచ్చ ఎడం బుగ్గనుండాల.
ఈయనెవరో మరి, మా నాన్న కాదు" అంది.

తిప్పి, పన్నెండు షీట్లూ తీసి పెట్టానో లేదో
కరెంటు పోయింది.
ట్రాన్స్‌ఫార్మర్ పేలిందట. తెల్లారేదాకా రాదట.

ఎదురుగా నాంచారమ్మ బండి.
ఇస్త్రీపెట్టెలో బొగ్గులు ఇంకా కళ్లు మూయలేదు.
"నూట ఎనభై డిగ్రీలు కావాలి నాంచారమ్మా."
"నాకాడ ఒక్క డిగ్రీ కూడా లేదమ్మాయ్."
తడివేలితో పెట్టె అడుగు తాకి
చుయ్‌మన్న చప్పుడు విని, తల అడ్డంగా ఊపి
ఇంకో నాలుగు బొగ్గులేసి విసిరింది.
మళ్లీ తాకింది. ఈసారి తల నిలువుగా.

కృపావతి సెల్లు టార్చి పట్టుకుంది.
నాంచారమ్మ కుడిచెయ్యి బరువంతా మోపింది.
ఎడమచెయ్యి, దాని పాటికది, గిన్నెవైపు.
"నీళ్లు చల్లకు నాంచారమ్మా!"
నలభై ఏళ్ల చెయ్యి అది, వింటుందా?
గిన్నెదాకా వెళ్లి, వేళ్లు ముడుచుకుని, వట్టిగా తిరిగొస్తుంది.
చొక్కాచొక్కాకీ అరిచాను.
పన్నెండోదానికి తనే అంది,
"చల్లన్లే. రేపు ఈళ్ల చెమట చాల్దూ."

కాగితం మూల గోటితో లేపి
వేడివేడిగానే ఒక్క ఊపున లాగాలి. మధ్యలో ఆగితే గీత.
మూడో చొక్కాకి పడింది, మేస్త్రీ మెడకి అడ్డంగా.
ఎవరం ఏమీ అనలేదు.
అది కృపావతి మడిచి తన సంచీలో పెట్టుకుంది.

పొద్దున యార్డు గేటు దగ్గర చూశాను,
వీపువీపునా ఏసోబు.
బస్తా ఎక్కితే మాయమవుతున్నాడు,
దించితే వస్తున్నాడు.

పాడైన చొక్కా నాంచారమ్మకి పనికొచ్చింది,
బండి మీద దుప్పటి చిరిగినచోట పరుచుకోడానికి.

నెలయ్యాక ఓ లాయరుగారి తెల్లచొక్కా పట్టుకొచ్చింది.
వీపున, సన్నగా, బూడిదరంగు మరక.
"రెండుసార్లు సబ్బేసినా పోలా. ఏంటో చూడమ్మాయ్,
ఆయన అరుస్తాడు."
వెలుతురుకి ఎత్తి పట్టాను.
తిరగబడింది మళ్లీ తిరగబడి
పేరు సరిగ్గా చదవొస్తోంది.
మచ్చ ఎడమ బుగ్గనే ఉంది.

"పైన నల్లకోటు వేసుకుంటాడుగా, ఇచ్చెయ్" అన్నాను.
"పదిన్నరకి కోర్టు."